ఆ ఫొటో మరోసారి వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న సెప్టెంబరు 25న మీ పేపర్లో ‘చరిత్రలో ఈ రోజు’ కింద రెండు లైన్లు వేశారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల పరుగులో ఆస్ట్రేలియా క్రీడాకారిణి క్యాతీ ఫ్రీమన్ బంగారు పతకం గెలిచింది అని. అప్పుడే పాతికేళ్ళు నిండిపోయాయి. ఆ రెండు లైన్లు చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వేసినందుకు సంతోషం. కానీ అందులో రానిది చాలా ఉంది. అది చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను నెల్లూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కోవూరులో ఉంటున్నాను. 2000లో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక ఊళ్ళో పనిచేస్తుండేదాన్ని. బడికి ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఆ సెప్టెంబరులో సిడ్నీ అంటే మనందరికీ కరణం మల్లీశ్వరే. 19వ తేదీన ఆమె 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ, అదీ మన శ్రీకాకుళం ఆడబిడ్డ. స్టాఫ్ రూంలో వారం రోజులు అదే మాట. ఆ సందడి సద్దుమణగకముందే, 26వ తేదీ పొద్దున, మీ పేపరు ఆటల పేజీలో క్యాతీ ఫొటో వచ్చింది.

ఫొటోలో ఒక నల్లటి అమ్మాయి ట్రాక్ మీద కూలబడి ఉంది. మెడ నుంచి మడమల దాకా ఒంటికి అతుక్కుపోయిన సూటు, తల మీది టోపీ వెనక్కి తీసేసింది. గెలిచిన మనిషి ముఖంలా లేదు. రోజంతా కోత కోసి, మోపు నెత్తి మీద పెట్టుకుని గట్టు వెంబడి నడిచొచ్చి, కళ్ళంలో మోపు దించి కూర్చున్న ఆడమనిషి ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఆ పేపరు కత్తిరించి, అట్ట మీద అన్నం మెతుకులతో అతికించి, పైన పాలిథిన్ కవరు చుట్టి, ఆట సామాన్ల గది తలుపుకు లోపలి వైపు కొట్టాను. వాలీబాల్ కోసమో, స్కిప్పింగ్ తాడు కోసమో వచ్చే పిలకాయలందరికీ అది కనపడేది.

ఎక్కువసేపు నిలబడి చూసింది మాత్రం ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి. యానాదుల పిల్ల, అంటే గిరిజనుల బిడ్డ. పేరు రాయను, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. వాళ్ళ నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా. ఆ పిల్ల బడికి వచ్చే రోజుల కంటే రాని రోజులే ఎక్కువ. వచ్చిన రోజు మాత్రం గ్రౌండ్ వదిలేది కాదు. ఫొటో చూసి, వెనక్కి తిరిగి, ‘ఈమె మావోళ్ళ మాదిరే ఉండాదే టీచర్’ అంది.

అవునమ్మా, నిజంగానే మీవాళ్ళ లాంటిదే అని ఆ రోజు నేను చెప్పలేకపోయాను. అప్పటికి నాకూ అంతగా తెలియదు. తర్వాత దొరికిన క్రీడా పత్రికలన్నీ వెతికి చదివాను. చదివేకొద్దీ ఆ పిల్ల అన్నమాట ఎంత నిజమో అర్థమైంది.

మీ రెండు లైన్లలో ‘ఆస్ట్రేలియా క్రీడాకారిణి’ అని ఉంది. తప్పేం లేదు. కానీ క్యాతీ ఫ్రీమన్ ఆ దేశపు ఆదివాసీ. తెల్లవాళ్ళ ఓడలు రాకముందు వేల ఏళ్ళ నుంచి ఆ నేల మీద బతికిన జనం బిడ్డ. 1973 ఫిబ్రవరి 16న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని మకాయ్ అనే ఊళ్ళో పుట్టింది. ఆమె తల్లి పుట్టింది పామ్ ఐలాండ్‌లో. ఎక్కడెక్కడి ఆదివాసీలనో వాళ్ళ ఊళ్ళ నుంచి లేపి తీసుకెళ్ళి పడేసిన దీవి అది. క్యాతీ అమ్మమ్మను చిన్నపిల్లగా ఉండగానే కన్నవాళ్ళ దగ్గర్నుంచి ప్రభుత్వం లాక్కుపోయింది. అలా తల్లుల ఒడిలోంచి తీసుకెళ్ళిన పిల్లలు ఒకరిద్దరు కారు, ఒక తరం కాదు. ఆ దేశ ప్రధాని పార్లమెంటులో నిలబడి దానికి క్షమాపణ చెప్పింది 2008లో.

ఇదంతా చదువుతుంటే మన జిల్లా కళ్ళ ముందుకు రాకుండా ఎట్లా ఉంటుంది? బ్రిటిష్ వాళ్ళు కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్తులు అని ముద్ర వేసి సెటిల్‌మెంట్లనే కాపలా కాలనీల్లో పెట్టింది మన కావలిలో, మన కప్పరాళ్ళతిప్పలో. శ్రీహరికోట అడవిలో తేనె, దుంపలు తెచ్చుకుని బతికిన యానాదులు రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు ఆ దీవి ఖాళీ చేశారు. రాకెట్ ఎగిరితే నేనూ డాబా ఎక్కి చూస్తాను, చేతులెత్తి దండం పెడతాను. కానీ మా గ్రౌండ్లో పరిగెత్తిన ఆ పిల్ల అవ్వ పుట్టింది ఆ అడవిలోనే. ‘మా అవ్వ చెట్లన్నిటికీ పేర్లు చెప్తది టీచర్’ అని ఆ పిల్ల అనేది.

ఇక పరుగు సంగతి. 400 మీటర్లంటే ట్రాక్ చుట్టూ సరిగ్గా ఒక్క చుట్టు. చూసేవాళ్ళకు తేలిగ్గా కనపడుతుంది కానీ పరుగుల్లో ఇంతకంటే కష్టమైనది లేదని నా నమ్మకం. వందా రెండొందలు ఒకటే ఊపులో పోవచ్చు. ఎనిమిదొందలంటే ఊపిరి దాచుకోవచ్చు. ఇక్కడ ఆ రెండూ కుదరవు. మూడొందల మీటర్లు దాటాక తొడలు మంట పుడతాయి, కాళ్ళు తడిసిన ఇసుక బస్తాల్లా అయిపోతాయి, మెడ బిగుసుకుపోతుంది. అప్పుడు ఇంకా వంద మీటర్లుంటాయి. ఆ వందలో ఎవరూ వేగం పెంచలేరు. ఎవరు తక్కువ తగ్గితే వాళ్ళు గెలుస్తారు. చివరి వందలో క్యాతీ ఒక్కతే అందర్నీ దాటిపోతున్నట్టు వీడియోలో కనపడుతుంది చూడండి, నిజానికి మిగతావాళ్ళు ఆమెకంటే ముందే నీరసపడిపోవడం అది.

మా బడి స్థలంలో 400 మీటర్ల ట్రాక్ పట్టదు. 200దే పడుతుంది, రెండు చుట్లు కొట్టాలి. మధ్యలో మేకు దిగ్గొట్టి, నైలాన్ తాడు కట్టి, దాని చివర చిల్లుల డబ్బాలో సున్నం పోసి పట్టుకుని చుట్టూ నడిచేదాన్ని. ఆ పిల్ల తాడు బిగువు సడలకుండా మేకు దగ్గర కూర్చునేది. లేన్లన్నీ గీశాక స్టార్టింగ్ గీతలు ఒకదాని కంటే ఒకటి ముందుకు వేస్తాం కదా, ఒక పోటీల రోజు ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, ‘ఏందమ్మా, ఆ పిల్లని అంత ముందు నిలబెట్టినావు?’ అని అడిగాడు. బయటి లేన్ వంపు దగ్గర పొడుగవుతుంది. పెద్ద ట్రాక్ మీద రెండో లేన్ వాళ్ళను 7.04 మీటర్లు ముందు నిలబెట్టకపోతే వాళ్ళు 400 కంటే ఎక్కువ పరిగెత్తినట్టవుతుంది. ముందు నిలబెట్టడం ఎవరి మీదా దయ కాదయ్యా, లెక్క అది అని టేపు పెట్టి కొలిచి చూపించాను. ఆయన ఒప్పుకుని వెళ్ళాడు. ఆ రోజు ఆ పిల్ల ఆ మాట విన్నది. తర్వాత ఎన్నోసార్లు నన్ను అడిగి ఆ లెక్క మళ్ళీ చెప్పించుకుంది.

క్యాతీకి ఆ బంగారం ఒక్క రోజులో రాలేదు. మీరు పిల్లల పేజీలో ఎప్పుడైనా రాస్తే ఈ పదేళ్ళూ రాయండి. చిన్నప్పుడు బడి పోటీల్లో తను గెలిస్తే కప్పులు తన వెనక వచ్చిన తెల్ల పిల్లలకు ఇచ్చారని తనే చెప్పుకుంది. మారు తండ్రి బ్రూస్ బార్బర్ మొదటి కోచ్. నువ్వు ఒలింపిక్స్‌లో గెలుస్తావు అని పదేళ్ళ పిల్లకు చెప్పింది ఆయనే. 1990లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో 4×100 రిలేలో బంగారం గెలిచినప్పుడు ఆమెకు 16 ఏళ్ళు. ఆదివాసీ ఆడవాళ్ళలో కామన్వెల్త్ బంగారం గెలిచిన మొదటి మనిషి. అదే ఏడాది అక్క ఆన్‌మరీ చనిపోయింది. పుట్టుకతోనే సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్ల, సొంతంగా నడవలేదు. నడవలేని అక్క కోసం పరిగెత్తుతానని క్యాతీ అప్పుడు అనుకుంది. 1992 బార్సిలోనాలో ఫైనల్ దాకా పోలేదు. 1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీల్లో నాలుగో స్థానం. నాలుగో స్థానం ఎంత నొప్పో పీటీ ఉష దేశం వాళ్ళం, మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత 1996 అట్లాంటా. ఈ అట్లాంటా పరుగు గురించి ఎక్కువమందికి తెలియదు, నాకైతే సిడ్నీ కంటే ఇదే గొప్ప. ఫ్రాన్స్ అమ్మాయి మారీ జోస్ పెరెక్ 48.25 సెకన్లలో వచ్చింది. ఆ ఒలింపిక్ రికార్డు 2024 పారిస్ దాకా, 28 ఏళ్ళు చెక్కు చెదరలేదు. అంత పరుగును క్యాతీ చివరిదాకా వెంటాడింది. ఆమెది 48.63. జీవితంలో ఆమె పరిగెత్తిన అన్నిటికంటే వేగమైన పరుగు అదే, దానికి వచ్చింది వెండి. నాలుగేళ్ళ తర్వాత సిడ్నీలో బంగారం తెచ్చిన పరుగు 49.11. అంటే ఓడిన రోజు ఆమె గెలిచిన రోజు కంటే దాదాపు అర సెకను ముందుంది. రెండో స్థానంలో వచ్చి ఏడుస్తున్న పిలకాయలకు నేను ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాసి చూపించేదాన్ని.

1997లో ఏథెన్స్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. 1998లో గాయం. 1999లో సెవిల్లేలో మళ్ళీ చాంపియన్. అప్పటికి కోచ్ పీటర్ ఫార్చ్యూన్. సిడ్నీ వచ్చేసరికి దేశం దేశమంతా ఒక్క అమ్మాయి మీద పడింది. సెప్టెంబరు 15న ప్రారంభోత్సవంలో జ్యోతి వెలిగించమని ఆమెకే ఇచ్చారు. ఆడవాళ్ళు ఒలింపిక్స్‌లోకి వచ్చి నూరేళ్ళయిందని ఆ రాత్రి స్టేడియంలో జ్యోతి మోసిన వాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళలో బెట్టీ కుత్‌బర్ట్ చక్రాల కుర్చీలో వచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 400 మీటర్లు మొట్టమొదట పెట్టిన 1964 టోక్యోలో గెలిచింది ఆమే. క్యాతీ చేతికి జ్యోతి అందించింది డెబ్బీ ఫ్లింటాఫ్ కింగ్. 1984 లాస్ ఏంజిలస్‌లో మన ఉష సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్న 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ ఉంది కదా, అందులో ఈ డెబ్బీ కూడా పరిగెత్తింది, ఉష వెనకాల వచ్చింది. నాలుగేళ్ళకు సియోల్‌లో అదే పరుగులో బంగారం గెలిచింది.

నీటి మడుగు మధ్యలో నిలబడి జ్యోతి వెలిగించాక ఆ మంటల పళ్ళెం పైకి లేవకుండా మధ్యలో ఆగిపోయింది. నీళ్ళలో, తడి బట్టలతో, చేతిలో దివిటీతో, ప్రపంచమంతా చూస్తుండగా ఆ అమ్మాయి కదలకుండా నిలబడింది. పది రోజుల్లో జీవితంలోకెల్లా పెద్ద పరుగు పెట్టుకుని అట్లా తడిసి నిలబడాల్సి వచ్చింది పాపం. ఇంతలో పెరెక్ పోటీకి ముందే సిడ్నీ వదిలి వెళ్ళిపోయింది. దాంతో క్యాతీ మీద బరువు ఇంకా పెరిగింది. ఇక గెలవకపోతే చెప్పుకోవడానికి సాకు కూడా లేదు.

25వ తేదీ రాత్రి స్టేడియంలో 1,12,524 మంది. ఆరో లేన్. వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదటి సగం ఆమె తొందరపడలేదు. ఆఖరి వంపు తిరిగేటప్పటికి జమైకా అమ్మాయి లొరైన్ గ్రాహమ్, ఇంగ్లండ్ అమ్మాయి క్యాథరిన్ మెర్రీ దాదాపు పక్కపక్కనే ఉన్నారు. స్ట్రైట్‌లోకి, అంటే చివరి తిన్నని దారిలోకి వచ్చాక చేతులు చూడండి, కాళ్ళు కాదు. అందరి భుజాలూ చెవుల దాకా లేస్తాయి, ఆమె భుజాలు మాత్రం కిందే ఉంటాయి. 49.11. గీత దాటాక ఎగరలేదు, కేక పెట్టలేదు, మీ పేపర్లో వచ్చినట్టే కూలబడింది. కాసేపటికి లేచి, బూట్లు లేకుండా, రెండు జెండాలు చేతబట్టుకుని ట్రాక్ చుట్టూ తిరిగింది. ఒకటి దేశానిది, ఒకటి తన జనానిది.

ఆ రెండో జెండా గురించి ఒక్క మాటైనా లేకుండా ఆమె గురించి ఎవరు రాసినా నాకు వెలితిగానే ఉంటుంది. పైన నలుపు, కింద ఎరుపు, మధ్యలో పసుపు రంగు సూర్యుడు. నలుపు వాళ్ళ జనం, ఎరుపు నేల. 1994లో కెనడాలోని విక్టోరియా కామన్వెల్త్ క్రీడల్లో 400 మీటర్లు గెలిచాక ఆమె ఈ జెండా ఎత్తుకుని తిరిగింది. అప్పటికి దానికి ప్రభుత్వ గుర్తింపు కూడా లేదు, 1995లో వచ్చింది. ఆస్ట్రేలియా జట్టు పెద్ద ఆర్థర్ టన్‌స్టాల్ అందరి ముందూ ఆమెను తప్పుపట్టాడు. ఆమెకు అప్పుడు 21 ఏళ్ళు. కొద్ది రోజులకే 200 మీటర్లు కూడా గెలిచి మళ్ళీ అదే జెండా ఎత్తింది.

ఇది నేను మా పిల్లకు ఎప్పుడు చెప్పానంటే, 2001లో బడుల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీల నాటి సాయంత్రం. డివిజన్ స్థాయిలో 400 మీటర్లు మా పిల్ల మొదటి స్థానం. చెప్పుల్లేవు, లంగా పైకి దోపుకుని పరిగెత్తింది, రెండో పిల్లకు ఇరవై అడుగులు ముందు. మైకులో ఫలితం చెప్పారు. రెండో స్థానం, మూడో స్థానం పిల్లలకు పేరు, ఊరు, బడి చెప్పారు. మొదటి స్థానం దగ్గరికి వచ్చేసరికి ‘యానాది పిల్ల’ అన్నారు. అంతే, పేరు లేదు. కొందరు నవ్వారు. ఆ పిల్ల విక్టరీ స్టాండ్ ఎక్కడానికి రానంది. వేపచెట్టు వెనక్కి పోయి మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుంది. నేను మైకు దగ్గరికి వెళ్ళి పేరు చెప్పించాను, కానీ అప్పటికే జనం భోజనాలకు లేచిపోయారు.

తిరుగు బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని ఆ జెండా కథ చెప్పాను. అంతా విని ఒకటే ప్రశ్న అడిగింది. ‘ఆమె జెండా ఆమే ఎత్తుకునిందా టీచర్, ఎవురూ ఎత్తించలా?’ అని. లేదమ్మా, ఆమే ఎత్తుకుంది అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆరింటికే గ్రౌండ్లో ఉంది.

జిల్లా పోటీలకు పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడిగారు. గుంట గట్టు మీద గుడిసెలో పుట్టిన పిల్లకు సర్టిఫికెట్ ఎక్కడిది? బడి రిజిస్టరులో ఉన్న తేదీ సరిపోదన్నారు. ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. మూడోసారి వెళ్ళేటప్పటికి పేర్ల లిస్టు పైకి వెళ్ళిపోయిందన్నారు. సంక్రాంతి దాటాక వాళ్ళ నాయన ఎక్కడో దూరంగా ఇంకో గుంటల యజమాని దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడు, కుటుంబం మొత్తం వెళ్ళిపోయింది. తలుపు మీద ఫొటో ఉంది, చూసే పిల్ల లేదు. క్యాతీకి ఓడిపోయినా మళ్ళీ నిలబెట్టే మనుషులు పదేళ్ళు వెంట ఉన్నారు. మా పిల్లకు నేనొక్కదాన్నే ఉన్నాను. పదిహేను రోజుల ముందు ప్రాక్టీసు మొదలుపెట్టి, పోటీ అయిపోగానే వదిలేసే పద్ధతిలో నేను మాత్రం ఎంత చేయగలను?

మన తెలుగు నేల మీద ఇలాంటి పిల్ల పైకి రాలేదని అనుకోవద్దు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తిని చూడండి. కూలి చేసుకునే ఇల్లు. మేధో వైకల్యం ఉన్న పిల్ల అని ఊళ్ళో మాటలు పడింది. ఊరి బడి పీఈటీ గుర్తుపట్టాడు, తర్వాత కోచ్ నాగపురి రమేష్ చేయి పట్టుకున్నాడు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. పీఈటీ గుర్తుపట్టడం, ఆ తర్వాత పట్టుకునే చేయి ఇంకొకటి ఉండటం, రెండూ కుదిరాయి అక్కడ.

ఈ ఏడాది ఆగస్టులో నేను కోవూరు బజార్లో చేపలు కొంటుంటే, బుట్ట ముందర కూర్చున్న ఆడమనిషి నా ముఖంలోకి చూసి ‘టీచర్’ అంది. గొంతు బట్టి గుర్తుపట్టాను. పక్కన పదమూడేళ్ళ కూతురు, తల్లి కాళ్ళే వచ్చాయి ఆ పిల్లకు. ఎనిమిదో తరగతి. ‘ఇదీ పరిగెత్తుతుండాది టీచర్’ అని, చీర కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో లామినేషన్ చేయించిన కాగితం. కూతురి బర్త్ సర్టిఫికెట్. ‘ప్రభుత్వాసుపత్రిలో కన్నా టీచర్, అడిగి రాయించుకున్నా. ఇప్పుడు ఎవురూ ఆపలేరు గదా’ అంది. చేపల చేతులతోనే ఆమె చేతులు పట్టుకున్నాను.

అప్పట్నుంచి పొద్దున ఐదున్నరకు ఆ పిల్ల నా దగ్గరికి వస్తోంది. మంచి స్పైక్స్, అంటే అడుగున మేకులుండే బూట్లు కొన్నాను, మొదట్లో పాదానికి కరుస్తున్నాయని ఏడ్చింది, ఇప్పుడు అలవాటైంది. 400 మీటర్లు మొదటి రోజు 74 సెకన్లు, మొన్నటికి 69. చివరి వందలో భుజాలు పైకి లేపుతోంది. అది మాన్పించాలి.

పోయిన వారం తల్లి అడిగింది, ‘ఆ తలుపు మీద ఫొటో ఉండాదా టీచర్? దీనికి చూపిస్తానని చెప్పినా’ అని. లేదు. రిటైరయ్యేటప్పుడు అట్టతో సహా ఇంటికి తెచ్చుకుని ట్రంకు పెట్టెలో పెట్టాను. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పెట్టెలో పుస్తకాలు, సర్టిఫికెట్లు, ఆ అట్ట అన్నీ ముద్దయ్యాయి. ఫోన్‌లో వీడియో చూపించాను. పిల్ల సంతోషంగానే చూసింది. తల్లికి మాత్రం అది చాలలేదు. ‘పేపర్లోది, చేత్తో పట్టుకునేది గావాల టీచర్, గోడకు కొట్టుకోవాల’ అంది.

అందుకే మీకు రాస్తున్నాను. 2000 సెప్టెంబరు 26 నాటి సంచిక మీ ఆఫీసు పాత ఫైళ్ళలో తప్పకుండా ఉంటుంది. ఆ ఆటల పేజీలోని ఫొటో మరోసారి వేయండి. వీలైతే రంగుల్లో, సగం పేజీకి తగ్గకుండా. కింద ఆమె ఎవరి బిడ్డో, ఆ రెండో జెండా ఏమిటో నాలుగు మాటలు రాయండి. 2003లో పరుగు మానేశాక ఆమె 2007లో ఫౌండేషన్ పెట్టి తన తల్లి పుట్టిన పామ్ ఐలాండ్‌లోని పిల్లల చదువు దగ్గర్నుంచే పని మొదలుపెట్టింది, చోటు మిగిలితే అదీ రాయండి. ఇంకొకటి, మండలాల్లో పోటీలు జరిగినప్పుడు మీ విలేకరులు వార్త పంపుతారు కదా, గెలిచిన ప్రతి పిల్లకూ పేరు, బడి రాయమని చెప్పండి.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయవద్దు. నా పేరు చూస్తే ఆ పిల్ల ఎవరో చుట్టుపక్కల వాళ్ళు కనిపెట్టేస్తారు. చెప్పుకోవాలనిపించిన రోజు తనే చెప్పుకుంటుంది.

ఫొటో ఏ రోజు వేస్తారో ఒక్క రోజు ముందు తెలియజేస్తే మా పేపర్ వేసే అబ్బాయికి మూడు కాపీలు చెప్పి ఉంచుతాను. ఒకటి తల్లికి, ఒకటి కూతురికి, ఒకటి నాకు.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
కోవూరు, నెల్లూరు జిల్లా.